క్లాడ్ రెయిన్స్ – ముఖం లేని కంఠం

ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని మన పూర్వులు నాలుగు విధాలుగా విభజించినారు. ముఖమే కనబడని నాడు, వాచికాన్నే నమ్ముకొని నటుడు నిలువగలడా? ఈ ప్రశ్నకు 1933లో వచ్చిన 'ది ఇన్విజిబుల్ మాన్' అనే చిత్రం సమాధానం చెప్పినది. హెచ్. జి. వెల్స్ నవల ననుసరించి జేమ్స్ వేల్ దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో నాయకుని ముఖం కట్ల మాటునో, శూన్యంలోనో ఉంటుంది. మరణించిన క్షణాన మాత్రమే అది ప్రేక్షకులకు కనబడుతుంది. అంతవరకూ కథను నడిపినది ఒక కంఠం. అది క్లాడ్ రెయిన్స్ కంఠం.

శ్రోతలారా, ఆ కంఠం పుట్టుకతో అబ్బినది కాదు. 1889లో లండనులోని కాంబర్‌వెల్ ప్రాంతాన బీద కుటుంబంలో జన్మించిన రెయిన్స్‌కు బాల్యంలో మాట తడబడేది. దానికి తోడు లండను పేటల యాస. వేళకు పాత్రధారులను రంగం మీదికి పిలిచే కుర్రవాడుగా నాటకశాలలో కొలువు చేసినాడు. హిజ్ మెజెస్టీస్ థియేటర్ అధిపతి బీర్‌బోమ్ ట్రీ ఆ పిల్లవానిలో ఏమి చూచినాడో గాని, ఉచ్చారణ పాఠాలకు తన సొమ్ము వెచ్చించినాడు. ఇంత చేసి సంపాదించిన గొంతుకు మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులోని వీమీ వద్ద, విషవాయువు సోకినది. ఒక కంటి చూపు దాదాపు పూర్తిగా పోయినది; స్వరతంత్రులు సైతం దెబ్బ తిన్నవి. సామాన్య సైనికుడుగా చేరినవాడు కాప్టెను హోదాతో తిరిగివచ్చి, రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో ఉపాధ్యాయుడైనాడు. జాన్ గీల్‌గుడ్, చార్లెస్ లాటన్ అచటి ఆయన శిష్యులే.

పిమ్మట అమెరికా, న్యూయార్కు రంగస్థలం, హాలీవుడ్. 1939లో 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్', 1942లో 'కాసాబ్లాంకా', 1944లో 'మిస్టర్ స్కెఫింగ్టన్', 1946లో 'నొటోరియస్' – ఈ నాలుగింటికీ సహాయ నటుడుగా ఆస్కారు బహుమానానికి ఆయన పేరు ప్రతిపాదించబడినది. ఒక్కటీ దక్కలేదు. 1951లో 'డార్క్‌నెస్ ఎట్ నూన్' నాటకానికి టోనీ బహుమానం మాత్రం లభించినది. 1967లో గతించినాడు.

నా మటుకు 'నొటోరియస్' ఒక్కటే చాలు. అందులో ఆయన నాజీ కుట్రదారు. తాను వలచి పెండ్లాడిన స్త్రీ గూఢచారిణి అని తెలిసి, తల్లి మాట విని ఆమెకు కొంచెం కొంచెంగా విషం పెట్టినవాడు. తుదకు ఆమె మరొకని కారులో వెడలిపోతుంది. తననూ తీసుకొని పొమ్మని వేడుకొన్నా తలుపు తెరుచుకోదు. ఇంటి గుమ్మంలో నిలిచిన సహచరులు లోనికి రమ్మంటారు. ఆ పిలుపు ఎందుకో అతనికి తెలుసు. వెనుదిరిగి మెట్లెక్కుతాడు, ఒక్క మాట పలుకడు. మైకు ముందు కూర్చుండే మా బోటివారికి అంత మౌనం చెల్లదు. అర నిమిషం నిశ్శబ్దమైతే రేడియో చెడినదని శ్రోత మీట త్రిప్పుతాడు. మాటతోనే పైకి వచ్చిన రెయిన్స్ అక్కడ వీపు చూపి, మాట మాని, ఆ దుర్మార్గుని మీద మనకు జాలి కలిగించినాడు.