ద్వారము వద్ద నిలిచిన ధర్మము

(కాలభైరవాష్టమి నాడు నాచారములో భక్తుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు కార్తిక బహుళాష్టమి. పరమేశ్వరుడు కాలభైరవ రూపమున ఆవిర్భవించిన పుణ్యతిథి. మల్కాజిగిరి నుండి, ఉప్పల్ నుండి, చుట్టుప్రక్కల కాలనీల నుండి తెల్లవారక ముందే వచ్చి స్వామికి గారెల మాలలు సమర్పించితిరి. స్వామి పాదముల చెంత నున్న శునకమునకు కూడ కుంకుమ పెట్టి నమస్కరించితిరి. చాల సంతోషము. అయితే ఆలయము వెలుపల, చెప్పులు విడిచిన చోట, అదే జాతి ప్రాణి ఒకటి ముడుచుకొని పడుకొని యున్నది. లోపల నమస్కరించిన చేయియే వెలుపల దానిపై రాయి ఎత్తుట మేము చూచితిమి. ఇందులో తప్పు ఎవరిది? రాయి ఎత్తిన వారిదా, భయపెట్టిన కుక్కదా? ఈ విషయమునే నేడు విచారింపదలచితిమి.

గడచిన వారము ప్రసంగము ముగిసిన పిమ్మట ఒక తల్లి మా యొద్దకు వచ్చినది. "అయ్యగారూ! ధర్మరాజు కుక్కను విడిచిపెట్టలేదని చెప్పారు, వినడానికి బాగానే ఉంది. మా సందులో ఏడెనిమిది కుక్కలున్నాయి. పిల్లవాణ్ణి బడికి పంపాలంటే నా గుండె దడదడలాడుతుంది. నేను కుక్కకు దండం పెట్టాలా, కర్ర పట్టుకోవాలా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు మేము సమాధానము చెప్పలేకపోతిమి. ఒక మాట చెప్పి పంపివేయుట సులభమే. కాని ఆమె భయము నిజమైనది. నిజమైన భయమునకు పైపై మాట సమాధానము కాజాలదు. వారము దినములు ఆలోచించి, నేడు ఆ తల్లి ఈ సభలో కూర్చుండియుండగా చెప్పుచున్నాము.

మొదట మన గ్రంథములు ఏమి చెప్పుచున్నవో చూతము. మహాభారత కథకు ఆరంభమునను కుక్కయే, అంతమునను కుక్కయే. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా, దేవశుని యగు సరమ కుమారుడు అచ్చటికి వచ్చినాడు. రాజు తమ్ములైన శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు ఆ కుక్కపిల్లను కొట్టిరి. అది ఏడ్చుచు తల్లి కడకు పోయినది. తల్లి వెంటనే బిడ్డ పక్షము వహింపలేదు. "నీవు ఏదో అపరాధము చేసియుందువు" అన్నది. హవిస్సును నాకలేదు, కనీసము చూడనైనను లేదు అని బిడ్డ చెప్పిన పిదపనే ఆమె యాగశాలకు వచ్చి, నిరపరాధిని ఏల కొట్టితిరి అని ప్రశ్నించినది. రాజుల యొద్ద సమాధానము లేదు. కావున మీకు కనబడని భయము కలుగుగాక అని పలికి వెడలిపోయినది. నన్నయ భట్టారకుడు ఆదిపర్వమున ఈ వృత్తాంతమును తెనిగించినాడు. సరమ కోరినది విచారణ మాత్రమే. తప్పు చేసినదా లేదా అని చూడకుండ కొట్టిన చేతికి, ఎక్కడి నుండి వచ్చునో తెలియని భయము పట్టుకొనునని ఆ శాపమునకు అర్థము.

ఇక మహాప్రస్థానము. ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా పడిపోయిరి. హస్తినాపురము నుండి వెంటవచ్చిన కుక్క మాత్రము మిగిలినది. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనెను. నన్ను నమ్మి వచ్చినదానిని విడిచి పొందు స్వర్గము నాకు వలదని ధర్మరాజు నిలిచిపోయెను. అప్పుడు ఆ శునకము ధర్మదేవతగా సాక్షాత్కరించినది. ఇచ్చట గమనింపుడు. ఆ కుక్క దారిలో ఎవరితోను పోరాడలేదు, ఎవరిని కాపాడలేదు. వెంట నడచినది, అంతియే. అయినను ఆ నడక ముందర స్వర్గము చిన్నదైపోయినది.

అంతకంటె పూర్వముది ఋగ్వేదము. పదవ మండలమున నూట యెనిమిదవ సూక్తము సరమకును పణులకును జరిగిన సంభాషణము. పణులనువారు గోవులను అపహరించి కొండ గుహలో దాచిరి. ఇంద్రుడు పంపగా సరమ రసానదిని దాటి, ఆ చోటు కనుగొన్నది. పణులు ఆమెను బెదిరించిరి, పిదప బుజ్జగించిరి. సోదరిగా చేసికొందుము, గోవులలో పాలు ఇత్తుమనిరి. ఆమె లొంగలేదు. రాతి వెనుక దాగినదానిని కనుగొనుట, లంచమునకు లోబడకుండుట, ఈ రెండును శునకమునకు వేదము ఇచ్చిన బిరుదులు.

ఇవి పురాతన కథలు గదా అని మీలో కొందరు అనుకొనవచ్చును. మన రాష్ట్రముననే, నిన్నమొన్న జరిగినది వినుడు. 2025 ఫిబ్రవరి 22వ తేదీన నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట సమీపమున, శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగములో పైకప్పు కూలినది. ద్వారము నుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల ఎనమండుగురు చిక్కుకొనిరి. పొట్టకూటికై పరరాష్ట్రముల నుండి వచ్చినవారు. సైన్యము వచ్చినది, నౌకాదళము వచ్చినది, సింగరేణి రక్షక దళములు వచ్చినవి. మన ఉప్పల్ రహదారిలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు భూమి లోపల చూడగల రాడార్‌తో వచ్చిరి. బురద, నీరు, రాయి, తునిగిన ఇనుము తప్ప మనుష్యుని జాడ చిక్కలేదు.

అప్పుడు కేరళ పోలీసు శాఖ వారి రెండు శునకములను రప్పించిరి. వాని పేర్లు మాయ, మర్ఫీ. 2024 జూలై 30న వాయనాడులో కొండచరియలు విరిగిపడినప్పుడును అవి పనిచేసియుండెను. సొరంగములోని చీకటిలో, బురదలో, అవి మూర్కొనుచు పోయి కొన్ని చోట్ల నిలిచినవి. ఆ పిదప మార్చి 9వ తేదీన ఒకరి దేహము, 25వ తేదీన మరియొకరి దేహము బయటపడినవి. ప్రాణములతో దక్కలేదు గదా, ఏమి లాభము అనవచ్చును. కన్నవారిని అడిగి చూడుడు. చివరిచూపునకు నోచుకొనుట, పుత్రుడు తలకొరివి పెట్టగలుగుట, అంత్యక్రియ శాస్త్రోక్తముగా జరుగుట ఎంతటి ఊరటయో మన ధర్మమునకు తెలిసినంతగా మరేదానికి తెలియదు. ఆనాడు రాతి గుహలో దాచిన గోవులను సరమ కనుగొన్నది. ఈనాడు రాతి సొరంగములో దాగిన మనుష్యులను ఆమె సంతతి కనుగొన్నది.

దాని ముక్కులో అంతటి శక్తి ఏమున్నది? మన ముక్కులో వాసన పట్టు గ్రాహకములు అరకోటి చిల్లర ఉండగా, కుక్కలో 20 కోట్లకు పైగా ఉండునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. శిక్షకుడు దానికి ఇచ్చు ప్రతిఫలము తరచుగా ఒక బంతి, ఒక మెచ్చుకోలు. అంతటి పని చేసి అది అడుగునది అంతమాత్రమే.

ప్రాణములు దక్కిన ఘట్టము కూడ కలదు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే దేశమున మహాభూకంపము వచ్చినది. మన జాతీయ విపత్తు స్పందన దళము వారు వెంట శునకములను తీసికొనిపోయిరి. నుర్దగీ అను ఊరిలో కూలిన భవనము శిథిలములలోనికి జూలీ అను శునకము దూరి మొరిగినది. నిర్ధారణకై రోమియో అను మరియొక శునకమును పంపగా అదియు అచ్చటనే మొరిగినది. త్రవ్వి చూడగా ఆరేళ్ల బాలిక సజీవముగ నున్నది. ఆ బిడ్డ భాష జూలీకి తెలియదు, మతము తెలియదు, దేశము తెలియదు. ఊపిరి ఆడుచున్నదని మాత్రము తెలిసినది.

మన ములుగు జిల్లా సరిహద్దున కర్రెగుట్టలలో 2025 ఏప్రిల్‌లో కేంద్ర రిజర్వు పోలీసు దళము వారితో రోలో అను రెండేళ్ల శునకము పనిచేసినది. భూమిలో పాతిన మందుపాతరలను పసిగట్టి, వెనుక వచ్చు జవానులను కాపాడుట దాని కర్తవ్యము. ఏప్రిల్ 27న తేనెటీగల గుంపు కమ్ముకొని కుట్టగా ఆ మూగప్రాణి మరణించినది. దళము వారు మరణానంతరము దానికి ప్రశంసా పతకము నిచ్చిరి.

ఇవి శిక్షణ పొందినవి గదా, మన వీధి కుక్కకు ఏమి తెలియును అందురా? 2020 ఆగస్టు 6న కేరళలో మున్నార్ చేరువనున్న పెట్టిముడిలో కొండ విరిగి తేయాకు కూలీల ఇండ్లపై పడినది. కువి అను ఒక పెంపుడు కుక్క, శిక్షణ యేమియు లేనిది, తనతో ఆడుకొను రెండేళ్ల పాపను వెదకుచునే యుండెను. ఎనిమిది దినములకు ఏటిలో అడ్డముగ పడిన చెట్టు వద్ద నిలిచి అదేపనిగ మొరిగినది. రక్షక దళము వారు వచ్చి చూడగా ఆ పాప దేహము అచ్చట నున్నది.

ఇప్పుడు మా సంగతి ఒకటి ఒప్పుకొనవలసియున్నది. మేము నివసించు వీధిలో ఒక నల్ల కుక్క కలదు. పేరు లేదు, నల్లది అందురు. ఒక చలికాలపు వేకువజామున అది ఆగకుండ మొరుగుచున్నది. ఒక గేటు కడకు పోవును, మొరుగును, వీధి చివరకు పరుగెత్తును, మరల వచ్చును. ఎవరో తిట్టిరి. ఎవరో చెప్పు విసరిరి. సంధ్యావందనమునకు విఘాతమని విసుగుకొని కిటికీ మూసికొన్నవారిలో మేమును ఒకరము. తుదకు పాల ప్యాకెట్లు వేయు కుర్రవాడు సైకిలు ఆపి దాని వెంట పోయినాడు. వీధి చివర కాలువ ప్రక్కన, ఫ్యాక్టరీలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక వృద్ధుడు కళ్లు తిరిగి పడియుండెను. సకాలమున ఆస్పత్రికి చేర్చగా బ్రతికినాడు. ఆయన నేటికిని మాకు నమస్కరించును. ఆ నమస్కారము స్వీకరించునప్పుడెల్ల మూసిన కిటికీ మాకు గుర్తుకు వచ్చును. భారతము చేతబట్టుకొని ధర్మరాజు కథ చెప్పు మేము, ధర్మము వచ్చి ద్వారము వద్ద మొరుగగా వినలేదు. వేదము చదువని పాల కుర్రవాడు విన్నాడు.

అమ్మా! ఇక మీ ప్రశ్నకు వచ్చెదము. పైన చెప్పినదంతయు నిజము. 2023 ఫిబ్రవరి 19న మనకు ఆమడ దూరము కూడ లేని అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు నాలుగేళ్ల పసివానిని చంపినదనుటయు నిజము. ఒక నిజమును చూపి మరియొక నిజమును దాచుట ధర్మము కాదు. ఉత్తరకాండలో శ్రీరాముని ద్వారమునకు తలపగిలిన కుక్క న్యాయము కోరివచ్చిన కథ కొన్ని ప్రతులలో కలదు. రాముడు దాని మాట విన్నాడు. కొట్టిన విప్రుని పిలిపించి, ఆకలితో తిరుగుచు, దారికి అడ్డు రాగా కోపమున కొట్టితినన్న అతని మాటయు విన్నాడు. మనమును ఇరువురి మాట వినవలెను.

కుక్కలు గుంపులు కట్టుటకు కారణము చాల వరకు మనమే. ఎంగిలి విస్తరులు, మాంసపు వ్యర్థములు వీధి మొగలో పోసి, వానిపై బ్రతుకు ప్రాణులను తిట్టుచున్నాము. దయ యనుపేరున పిల్లలు నడచు దారిలో అన్నము వెదజల్లుటయు దోషమే. భూతయజ్ఞము గృహస్థునకు నిత్యకర్మయే; కాని ఆ బలికి పెద్దలు ఒక స్థలము, ఒక వేళ నియమించిరి. సుప్రీంకోర్టు కూడ 2025 ఆగస్టు 22న, నిర్ణయించిన చోటులలోనే ఆహారము పెట్టవలెనని, సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా చేసిన కుక్కలను వాని చోటికి చేర్చవలెనని, పిచ్చి పట్టినవానిని, క్రూరముగ ప్రవర్తించువానిని విడువరాదని ఆదేశించినది. అదే సంవత్సరము నవంబరు 7న, బడులు, ఆస్పత్రులు, బస్సు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి కుక్కలను తరలింపవలెనని చెప్పినది. బిడ్డకును రక్ష, ప్రాణికిని రక్ష, రెండును కావలెను.

కావున తల్లులారా, ఈ నాలుగు మాటలు మనసున నిలుపుకొనుడు. మీ వీధిలో చెవి కొన కత్తిరింపని కుక్క యున్నచో దానికి శస్త్రచికిత్స జరుగలేదని గ్రహించి నగరపాలక సంస్థకు తెలుపుడు. కుక్కను చూచి పరుగెత్తరాదని, తినుచున్నదానిని, పిల్లలతో నున్న తల్లికుక్కను కదలింపరాదని బిడ్డలకు నేర్పుడు. కరచినచో వెంటనే గాయమును సబ్బుతో, ధార నీటితో పదిహేను నిమిషములు కడుగుడు. సున్నము, కారము, పసరు పూయకుడు. మంత్రము వేయింతమని కూర్చుండకుడు. ఆ క్షణముననే ఆస్పత్రికి పోయి, వైద్యుడు చెప్పిన తేదీలన్నింటను సూదులు వేయించుడు. లోతైన గాయమైనచో సీరము కూడ అవసరము. రేబిస్ లక్షణములు కనబడిన పిదప మనుష్యుని బ్రతికించు మందు నేటికిని లేదనియే చెప్పవలెను. ముందే సూది వేయించినచో దాదాపుగా భయము లేదు. పూర్వమువలె బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు ఇప్పుడు లేవు.

దండము పెట్టవలెనా, కర్ర పట్టవలెనా అని అడిగితిరి. బిడ్డ చేయి పట్టుకొనుడు, అది మొదటి ధర్మము. కర్ర అవసరమైనచో బెదరించుటకే గాని విరుగగొట్టుటకు కాదు. దండము భైరవునకు పెట్టుడు. ఆయన వాహనమునకు వేసవిలో మూకుడు నిండ నీరు, నియమించిన చోట ఒక ముద్ద, సంవత్సరమునకొక టీకా చాలును. వేళ కాని వేళ అది ఆగకుండ మొరిగినప్పుడు, తిట్టుటకు ముందు ఒక్కసారి తలుపు తీసి చూడుడు.

నేటి ఉదయము మేము తలుపు తీసి చూచితిమి. నల్లది మెట్ల మీద పడుకొని యున్నది. ఏమియు మొరుగలేదు. ఊరకయే తోక ఆడించినది.

శ్రీ కాలభైరవస్వామి మన ఇండ్లను, మన వీధులను, వీధులలోని సకల ప్రాణులను రక్షించుగాక.

స్వస్తి.