బోరు వేసే ముందు, వేసిన తర్వాత
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, ఉపకార వేతనాల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇప్పటికే చెప్పారు. కార్యదర్శిగారు నాతో, "మీరు బోర్ల సంగతి చెప్పండి, మీరు దెబ్బతిన్నవారు కదా" అన్నారు. నవ్వులాటకే అన్నారు గానీ అందులో అబద్ధమేమీ లేదు. దెబ్బతిన్నవాడు చెప్పే మాట వకీలు చెప్పే మాటంత పద్ధతిగా ఉండదు. మన్నించగలరు.

బస్టాండు దగ్గర మా అబ్బా కాలం నుంచి ఒక చిన్న లాడ్జి ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. పన్నెండు గదులు. 2016 ఎండాకాలంలో పాత బోరు గాలి కొట్టడం మొదలుపెట్టింది. రోజుకొక ట్యాంకరు తోలించుకున్నాం. ఆ లెక్క నెలాఖరుకు చూసుకుంటే కళ్లు తిరిగాయి. సరే, కొత్త బోరు వేద్దామని రిగ్గు ఏజెంటును పిలిచాను. "పర్మిషన్ సంగతి మేం చూసుకుంటాం భాయ్, మీరు పాయింటు చూపించండి చాలు" అన్నాడు. పాయింటు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకొని పెరడంతా తిరిగి రెండు చోట్ల ముగ్గు వేశాడు. రాత్రి పదకొండు గంటలకు రిగ్గు వచ్చింది. రాత్రిపూట ఎందుకొచ్చిందో ఆలోచించే తెలివి ఆనాడు నాకు లేకపోయింది.

మొదటి పాయింటులో 640 అడుగులు దించినా తెల్లటి దుమ్ము తప్ప తడి లేదు. రెండో పాయింటులో 520 అడుగుల దగ్గర ఒకటిన్నర ఇంచీ నీళ్లు పడ్డాయి. ఆ సంతోషంలో తెల్లవారగానే వీధంతా మిఠాయి పంచాను. తొమ్మిదో రోజున వీధి మొదట్లో ఉన్న పురపాలక సంఘం చేతిబోరు ఎండిపోయింది. నలభై ఇళ్లవారు తాగే నీళ్లు అవి. జనం మా గేటు ముందుకు వచ్చారు. ఎవరో తాడు పట్టి కొలిచారు. మా బోరుకూ ఆ చేతిబోరుకూ మధ్య తొంభై మీటర్లు కూడా లేదు. మూడో రోజున అధికారులొచ్చి కాగితం చూపించమన్నారు. ఏజెంటు ఫోను ఎత్తలేదు. మోటారుకు సీలు పడింది. మూడు నెలలు మళ్లీ ట్యాంకర్లే.

డబ్బు పోయిన సంగతి పెద్దగా గుర్తులేదు. మా ఎదురింటి పెద్దమ్మ అన్న మాట మాత్రం గుర్తుంది. "ఏం సాయిబూ, నీ లాడ్జికొచ్చేటోళ్లు రెండు దినాలుండి పోతారు. మేం యాడికి పోవల్ల?" అంది. మా అమ్మీకి పురుడు పోసిన మనిషి ఆవిడ. ఆవిడకు చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది.

చేతిబోరు ఎండడానికి నా బోరే కారణమా, ఆ ఏటి ఎండలా అన్నది ఖచ్చితంగా తేల్చి చెప్పడం కష్టం. మన రాయలసీమ నేల కింద ఉన్నది ఇసుక కాదు, రాయి. రాతి పగుళ్లలో ఎంత చేరితే అంతే నీరు. ఏ పగులు ఎవరి బావికి పోతుందో పైనుంచి కనిపించదు. నేను వాదించి ఉండవచ్చు. కాని వాదించడానికి చేతిలో కాగితం ఉండాలి కదా! ముందుగా దరఖాస్తు చేసుకొని ఉంటే భూగర్భ జల శాఖ జియాలజిస్టు వచ్చి స్థలం చూసేవాడు, దూరం కొలిచేవాడు. ఇక్కడ వద్దు, అటు మూలకు వేసుకో అనో, అసలు వద్దనో చెప్పేవాడు. అనుమతి అంటే ఆఫీసు వాళ్లకిచ్చే ముద్ర ఖర్చు అనుకుంటాం. పొరుగువాడి నీటికి మన బోరు ఎంత దూరంలో ఉందో నేల తవ్వకముందే ఎవరైనా కొలిచి చెప్పే అవకాశం అదొక్కటే.

ఇక చట్టం సంగతి. "నా జాగా, నా నీళ్లు, అడగడానికి వాడెవడు?" అనే మాట మన సభ్యుల నోటే చాలాసార్లు విన్నాను. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో, నిర్దిష్టమైన కాలువగా పారని భూమి కింది నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానికి ఉందని ఉంది. ఆ కాలంలో నీళ్లు తోడింది ఎద్దులు, మోట, లేదా మనిషి చేతిలోని చేద. ఒక ఇల్లు ఎంత తోడినా పక్కింటి బావి ఎండేది కాదు. మన మసీదు బావి నుంచి హౌజు నింపేవారని పెద్దలు చెబుతారు, ఆ బావిలో ఎండాకాలంలో కూడా మెట్ల దాకా నీళ్లుండేవట. ఐదు వందల అడుగుల లోతులో సబ్‌మెర్సిబుల్ మోటారు దించి రాత్రింబవళ్లు తోడవచ్చునని 1882లో చట్టం రాసినవారు ఊహించి ఉండరు.

1996లో సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో ఇచ్చిన ఉత్తర్వు ఫలితంగా 1997 జనవరిలో కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఆ 1996లోనే మన రాష్ట్రం తాగునీటి కోసం భూగర్భ జలాల నియంత్రణ చట్టం చేసింది. దాని స్థానంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా అంటున్నది దీన్నే. 2014 తర్వాత తెలంగాణలోనూ ఇదే చట్టం కొనసాగింది కాబట్టి హైదరాబాదులో, మహబూబ్‌నగర్‌లో ఇళ్లూ దుకాణాలూ ఉన్న మన బంధువులకు కూడా ఇది వర్తించే సంగతే.

కేరళలోని ప్లాచిమడ పేరు మీరు వినే ఉంటారు. అక్కడి శీతల పానీయాల కర్మాగారానికి 2003లో పంచాయతీ లైసెన్సు పొడిగించనన్నది. భూగర్భ జలం ప్రజల ఆస్తి అని ఆ ఏడాది చివర హైకోర్టు న్యాయమూర్తి ఒకరు అన్నారు. 2005లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అంత దూరం పోలేదు, కంపెనీకి అనుకూలంగా చెప్పింది. అయినా 2004లో ఆగిన ఫ్యాక్టరీ మళ్లీ నడవలేదు. కోర్టులో ఎవరు గెలిచారన్నది వేరు, ఊరు ఎదురు తిరిగిన తర్వాత బోరు నడవడం వేరు.

వాల్టాలో మనం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసింది 250 మీటర్ల లెక్క. ప్రజలు తాగే నీటి వనరుకు, అంటే పురపాలక సంఘం బోరో పంచాయతీ బావో ఉంటే దానికి, 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి గాని బోరు గాని వేయరాదు. తాగునీటి చేతిపంపుకు మినహాయింపు ఉంది. లాడ్జికి, ఫంక్షన్ హాలుకు, కార్ల వాషింగుకు లేదు. పట్టణంలో 250 మీటర్లంటే ఎంతో కాదు, రెండు వీధులు. కాబట్టి మనలో చాలామంది ఇళ్లు, దుకాణాలు ఆ గీత లోపలే ఉన్నాయని ముందే అనుకొని నడుచుకోవడం మంచిది.

దరఖాస్తు సచివాలయంలోనో మీ సేవలోనో ఇవ్వవచ్చు. అది తహసీల్దారుగారి ద్వారా భూగర్భ జల శాఖకు పోతుంది. స్థలం కాగితాలు, సర్వే నంబరు, నీళ్లు దేనికోసమో స్పష్టంగా రాసి ఇవ్వండి. ఇంటికి అని రాసి హాస్టలు నడపకండి. రిగ్గుకు కూడా రిజిస్ట్రేషను ఉండాలని చట్టం. రిగ్గు వాడిని ధర అడిగే ముందు ఆ కాగితం అడగండి. చూపించనివాడు రాత్రి పదకొండు గంటలకే వస్తాడు!

ఇంకొక గందరగోళం ఉంది. 2020 సెప్టెంబరులో కేంద్ర సంస్థ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో సొంత ఇంటి వాడకానికీ, రోజుకు పది ఘనపు మీటర్ల లోపు తోడే చిన్న పరిశ్రమలకూ మినహాయింపు ఉంది. పది ఘనపు మీటర్లంటే పదివేల లీటర్లు, మనవాళ్ల భాషలో రెండు ట్యాంకర్లు. ఈ సంగతి ఫోన్లలో చదివి "మాకు పర్మిషన్ అక్కర్లేదట" అని నా దగ్గరికి ముగ్గురు నలుగురు వచ్చారు. ఆ మినహాయింపు కేంద్రం ఇచ్చే ఎన్.ఓ.సి.కి సంబంధించినది. మన దగ్గర నియంత్రణ వాల్టా కింద రాష్ట్రం చేతిలో ఉంది. అక్కడ మినహాయింపు దొరికిందని ఇక్కడ తహసీల్దారు ఆఫీసుకు పోకుండా ఉండకూడదు.

నీళ్ల ప్లాంట్లు నడిపే సోదరులు ఈ సభలో ఉన్నారు కాబట్టి కొంచెం నిష్ఠూరంగానే చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. క్యాను నిండినన్ని నీళ్లే తోడుతున్నామని మీరనుకుంటారు. యంత్రం వదిలేసే ఉప్పునీటిని కలిపితే తోడేది దానికి రెండింతలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఏటా ఇంకే నీటిలో నూటికి నూరు పాళ్లకు మించి తోడుతున్న ప్రాంతాన్ని మితిమీరి తోడిన ప్రాంతంగా లెక్క కడతారు. అటువంటి చోట కొత్తగా ప్యాకేజీ నీళ్ల పరిశ్రమకు, చిన్నదైనా సరే, అనుమతి ఇవ్వరాదని ఆ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. ప్లాంటు పెట్టడానికి దుకాణం అద్దెకిచ్చే యజమానులు కూడా వినాలి. బోరు మీ స్థలంలో ఉంటే అధికారి ముందుగా తట్టేది మీ తలుపే. అద్దె కాగితంలో నీళ్ల మాట రాయించుకోండి. మీటరు పెట్టించి రోజూ అంకె రాసుకుంటే రేపు ఎవరైనా ప్రశ్నించినప్పుడు చూపించడానికి పుస్తకం ఉంటుంది.

వాననీటి సంగతి ఒక్క మాట. అనంతపురం వైపు సగటు వర్షం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. తక్కువే. అయినా వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడేది యాభై వేల లీటర్లు. పోయింది పోగా నలభై వేల లీటర్లు ఇంకుడు గుంతలోకి దింపవచ్చు. ప్లాను మంజూరు కోసం గుంత తవ్వి, ఫోటో తీసి, ఆ పైన బండ పరిచేసినవాళ్లు మనలో ఎంతమంది? చేతులెత్తమని అడగనులెండి.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది, నీళ్లు పడని బోరు గురించి. మా పెరట్లో ఆ 640 అడుగుల గుంత నీళ్లు లేనిది కదా అని దాని మీద ఒక గోనెసంచి, సంచి మీద ఒక రాయి పెట్టి వదిలేశాను. కేసింగ్ పైపును రిగ్గు వాడు పీక్కొని పోయాడు, అది మళ్లీ అమ్ముకోవచ్చు గదా. అట్లా ఎనిమిది నెలలున్నది. ఒకరోజు మా తమ్ముడి కూతురు, అప్పటికి దానికి నాలుగేళ్లు, ఆ రాయి పక్కన కూర్చొని సంచి అంచు ఎత్తి లోపలికి గులకరాళ్లు వేస్తోంది. రాయి పడిన చప్పుడు ఎంతసేపటికి వస్తుందా అని చెవి పెట్టి వింటోంది. మా మరదలు చూసి కేక కూడా వేయలేదు. కేక వేస్తే ఉలిక్కిపడి పడుతుందేమోనని మెల్లగా వెనకనుంచి పోయి ఎత్తుకుంది. ఆ తర్వాత ఏడ్చింది.

2006లో హర్యానాలోని కురుక్షేత్రం దగ్గర ఐదేళ్ల పిల్లవాడు బోరులో పడితే దేశమంతా టీవీల ముందు కూర్చున్నది. వాడు బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత పడినవాళ్లలో చాలామంది బతకలేదు. 2010లో సుప్రీంకోర్టు దీనిమీద స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బోరు వేయడానికి పదిహేను రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తవ్వేచోట యజమాని పేరు, రిగ్గు సంస్థ పేరు ఉన్న బోర్డు, చుట్టూ కంచె ఉండాలి. కేసింగ్ చుట్టూ నేలకు 30 సెంటీమీటర్లు పైకి, 30 సెంటీమీటర్లు లోపలికి సిమెంటు దిమ్మ కట్టాలి. మూతిని ఇనుప రేకుతో వెల్డింగు చేయాలి లేదా బోల్టులతో బిగించిన గట్టి మూత పెట్టాలి. మోటారు రిపేరుకు తీసినప్పుడు కూడా మూత లేకుండా వదలకూడదు. పనికిరాని బోరును అడుగునుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, గులకరాళ్లతో పూడ్చాలి. పైన మాత్రం పూడ్చితే చాలదు, వానకు కుంగుతుంది. మా గుంతను పూడ్చడానికి రిగ్గు తోడిపోసిన రాతిపొడి సగం, బయటినుంచి తెచ్చిన గులక సగం పట్టింది. ఒకరోజు కూలీ పని. ఒక్కరోజు పని కోసం ఎనిమిది నెలలు ఆ పిల్లను గుంత పక్కన ఆడుకోనిచ్చాను.

కాబట్టి కార్యవర్గం అనుమతితో ఒక రిజిస్టరు తెరిచాం. మీ స్థలంలో ఎన్ని బోర్లున్నాయి, ఎన్ని నడుస్తున్నాయి, ఎన్ని వట్టివి, కాగితం ఉందా లేదా అని రాయించండి. పట్టించడానికి కాదు, కాగితం లేనివారికి దరఖాస్తు రాసి పెట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు ఆదివారాలు ఆఫీసులో కూర్చుంటామన్నారు. రిజిస్టరులో మొదటి పేరు నాది. రెండోది మన సంఘానిదే.

ఎందుకంటే ఈ హాలు వెనక, వంటశాలకూ ప్రహరీకీ మధ్య, మన సంఘం రెండేళ్ల కిందట వేయించి వదిలేసిన బోరు ఒకటుంది. దానిమీద ఉన్నది కూడా ఒక సంచీ, ఒక రాయి. ఈ ఉదయం చూసి వచ్చాను. ప్రస్తుతానికి పైన ఒక బల్ల బోర్లించాం. రేపు పొద్దున ట్రాక్టరు గులక వస్తుంది. ఇప్పుడు భోజనాలకు లేస్తారు గనుక, తల్లులందరికీ మనవి. పిల్లల్ని ఆ వైపు పంపకండి.