తలకు తగిలిన దెబ్బ – గుర్తించవలసిన లక్షణాలు, పొందవలసిన న్యాయ సహాయం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మేము మీ ఊళ్లకు వచ్చినప్పుడల్లా వెన్న శాతం, వాటాధనం, సర్వసభ్య సమావేశం అని లెక్కలే మాట్లాడుతాం. నేడు లెక్క కాని విషయం ఒకటి చెప్పదలచాం. అయితే దీనికీ లెక్కలకూ సంబంధం గలదు. అది ఎట్లాగో మా పొరపాటు ద్వారానే మాకు తెలిసింది కనుక, ముందు ఆ పొరపాటు చెప్పుకుంటాం.

మా పరిధిలోని ఒక సంఘం కార్యదర్శి, వయసు నలభై లోపు, కాగితాల మనిషి, ఒక రోజు రిజిస్టర్లు కొనడానికి మోటారు సైకిల్ మీద దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. హెల్మెట్ అద్దానికి తగిలించి ఉంది. వెనుక నుంచి ఆటో కొట్టింది, పడ్డాడు, తల రోడ్డుకు తగిలింది. ఒక నిమిషంలో లేచి నిలబడ్డాడు. రక్తం లేదు. ఆటో డ్రైవరు "అన్నా, కేసొద్దన్నా, చాయ్ తాగు" అని ఐదు వందలు చేతిలో పెట్టాడు. మనవాడు దుమ్ము దులుపుకొని, "నాకేం గాలే, పో" అన్నాడు. ఆటో నంబరు చూడలేదు, ఆస్పత్రికి పోలేదు. రిజిస్టర్లు కొనుక్కొని ఇంటికి వచ్చాడు.

ఆ తరువాత రెండు నెలలకు మేము ఆ సంఘం తనిఖీకి వెళ్లాం. నగదు పుస్తకంలో పదకొండు వేల చిల్లర తక్కువ వచ్చింది. ఒకరి పాలు మరొకరి ఖాతాలో, పొద్దుటి పాలు సాయంత్రం వరుసలో ఉన్నాయి. అడిగితే విసుక్కున్నాడు, మాట తడబడింది. మేము సంజాయిషీ నోటీసు రాశాం. పాలకవర్గం వారు బీరువా తాళాలు తీసుకున్నారు. ఊళ్లో నలుగురూ నాలుగు మాటలన్నారు. వారం గడిచాక ఆయన భార్య మా ఆఫీసుకు వచ్చి, "సార్, మా ఆయన దొంగ గాదు. ఆటో కొట్టినప్పటి నుంచి వేరే మనిషయిండు. రాత్రి నిద్ర లేదు, లైటు చూస్తే తల పట్టుకుంటుండు, ఇప్పుడు చెప్పింది ఇప్పుడే మరుస్తుండు" అని కన్నీళ్లు పెట్టుకుంది. అప్పుడు గాని మాకు బుద్ధి రాలేదు. డాక్టరు చూసి తల దెబ్బ తాలూకు ఇబ్బందే అన్నాడు. మేము రిజిస్టర్లు మళ్లీ కూర్చొని సరిచూస్తే, స్థానిక అమ్మకం డబ్బు కొన్ని రోజులు రెండేసి సార్లు జమ రాసి ఉంది. పైసా పోలేదు. నోటీసు ఉపసంహరించుకొని, పాలకవర్గం ఎదుట మా తప్పు ఒప్పుకున్నాం. అతను మరో మూడు నెలలకు మామూలు మనిషి అయ్యాడు. కాని నష్టపరిహారం కోరుదామంటే ఆటో నంబరు లేదు, ఆస్పత్రి చీటీ లేదు, పోలీసు కాగితం లేదు. ఆ ఐదు వందలే అతనికి దక్కిన పరిహారం.

అందుచేత రెండు సంగతులు చెబుతాం. ఒకటి లక్షణాలు, రెండవది చట్టం.

దీనిని డాక్టర్లు కంకషన్ అంటారు. మనం మెదడు అదురు అనుకుందాం. పాల క్యాను వ్యాను మీది నుంచి కింద పడిందనుకోండి. క్యానుకు సొట్ట పడకపోయినా లోపలి పాలు కుదుపుకు గిర్రున తిరుగుతాయి. పుర్రెలోని మెదడు పరిస్థితీ అంతే. పైన గాయం ఉండనక్కర లేదు, స్పృహ తప్పనక్కర లేదు. వాహనం గుద్దడం వల్లనే కాదు, కొట్లాటలో కర్రదెబ్బ వల్లనైనా, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్ల వంటి ఘోరంలో పేలుడు తాకిడి వల్లనైనా ఇది రావచ్చు. స్కానింగులో ఏమీ కనబడలేదు కనుక ఏమీ లేదనుకోరాదు. లాక్టోమీటరు ఒక్కటే చూసి వెన్న శాతం చెప్పలేం కదా! రక్తస్రావం, ఎముక విరుగుడు స్కానింగులో తెలుస్తాయి గాని అదురు చాలాసార్లు తెలియదు.

లక్షణాలు ఇవి: తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, దెబ్బకు ముందూ వెనుకా జరిగినది గుర్తులేకపోవడం, వెలుతురు, చప్పుడు సహించలేకపోవడం, చూపు మసకబారడం, నిద్ర తారుమారు కావడం, చిన్నదానికే కోపం, లెక్క కుదరకపోవడం. ఇవి వెంటనే రావచ్చు, కొన్ని గంటలకో రోజులకో బయటపడవచ్చు. ఇంట్లో ఆడవారు దీనిని ముందు గుర్తిస్తారు. వారి మాట కొట్టివేయకండి.

ఇక ప్రమాద సూచనలు వేరు. తలనొప్పి అంతకంతకూ పెరగడం, పదే పదే వాంతులు, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదిగా ఉండడం, మాట ముద్దగా రావడం, ఒక చేయి లేక కాలు పట్టు తప్పడం, లేపినా లేవలేని మగత, ముక్కు లేక చెవి నుంచి రక్తమో నీరో కారడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా క్షణం ఆలస్యం లేకుండా 108కి ఫోను చేసి, తలకు ఆపరేషను చేయగల పెద్దాసుపత్రికి చేర్చవలెను. ముసలివారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి చిన్న దెబ్బయినా వారాల తరువాత లోపల రక్తం గడ్డకట్టవచ్చు. వారిని మరింత కనిపెట్టి ఉండాలి.

మన ఊళ్లలో దెబ్బ తగిలినవానికి వెంటనే సోడా పోస్తారు, ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెడతారు. స్పృహ లేనివాని నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాళాలతో ఫిట్స్ ఆగవు. పక్కకు తిప్పి పడుకోబెట్టడమే సాయం. మెడకు కూడా దెబ్బ తగిలిందని అనుమానముంటే కదలించకుండా అంబులెన్స్ వచ్చేదాకా ఆగండి. డాక్టరు చూసి పంపిన తరువాత నిద్రపోనివ్వరాదన్న భయం అక్కర లేదు, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తరువాత కొద్ది కొద్దిగా పని. మద్యం, బండి నడపడం వద్దు. డాక్టరు చెప్పని నొప్పి మాత్రలు వద్దు. పెద్దవారిలో చాలామందికి రెండు వారాల్లోనే నయమవుతుంది. ఈ లోపల మళ్లీ తలకు దెబ్బ తగిలితే ప్రమాదం, కనుక పొడిచే గేదె దగ్గరకు కూడా కొన్నాళ్లు ఇంకొకరిని పంపండి.

ఇక చట్టం సంగతి.

మన సభ్యులకు ఎల్.బి.నగర్ కొత్త చోటు కాదు. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు, ఇన్నర్ రింగ్ రోడ్డు అక్కడే కలుస్తాయి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు కూడా వచ్చింది. హయత్‌నగర్ డెయిరీకి పోయే పాల బండ్లు తిరిగేది ఆ విజయవాడ రోడ్డు మీదనే. దెబ్బలు తగిలే రోడ్డు పక్కనే రంగారెడ్డి జిల్లా కోర్టులూ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థా ఉన్నాయన్నది మాత్రం చాలామంది ఎరుగరు.

మొదటి మాట: వైద్యం ముందు, కాగితం తరువాత. పోలీసులు రానిదే చూడమని ఏ ఆస్పత్రీ అనడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆస్పత్రికి చేర్చిన బాటసారిని బలవంతంగా సాక్షిగా ఇరికించరాదని చట్టంలో 134ఏ సెక్షన్ ఉంది. రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ప్రమాదం నాటి నుంచి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మే నెలలో వచ్చింది. చేరేటప్పుడే ఆ పథకం పేరు చెప్పి అడగండి.

రెండవ మాట: నంబరు. వాహనం నంబరు, స్థలం, వేళ, చూసినవారి ఫోను నంబరు. సెల్‌ఫోను ఉంది కదా, ఫొటో తీయండి. 112కి ఫోను చేయండి. స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా తీసుకోండి. పరిధి మాది కాదని తిప్పి పంపరాదు. ఏ స్టేషనులోనైనా రాసుకోవాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం 173వ సెక్షన్ చెబుతున్నది. ఆలస్యమైనా నిరాశ వద్దు. కారణం సరైనదైతే, ఫిర్యాదు ఆలస్యమన్న ఒక్క సాకుతో పరిహారం నిరాకరించరాదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

మూడవ మాట: డాక్టరు చీటీలో ప్రతి లక్షణం రాయించండి. తలలో "తేలికపాటి" గాయం అని డాక్టర్లు రాసేది స్పృహ కొలతను బట్టి. మీ బాధ తేలికని దాని అర్థం కాదు. పదిహేను రోజులపాటు తీవ్రమైన నొప్పి ఉన్నా, మామూలు పనులు చేసుకోలేకపోయినా అది తీవ్ర గాయమే అవుతుందని భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ అంటున్నది. పాత చట్టంలో ఇది ఇరవై రోజులు. కాబట్టి వారం వారం డాక్టరుకు చూపించి రాయించుకోవాలి. ఇంట్లో ఒక నోటు పుస్తకంలో రోజువారీ బాధ తేదీతో రాసుకోవాలి.

నాలుగవ మాట: గడువు. వాహన నష్టపరిహారం దరఖాస్తుకు ఆరు నెలల గడువు నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. దానిపై సుప్రీంకోర్టులో వివాదం నడిచింది, అయినా మీరు మాత్రం ఆరు నెలలు దాటనీయకండి. ప్రమాదం జరిగిన చోటనే కాదు, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. గుద్ది పారిపోయిన వాహనం జాడ దొరకకపోతే, తీవ్ర గాయానికి యాభై వేలు, మరణానికి రెండు లక్షలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దానికి రెవెన్యూ సబ్‌డివిజన్ అధికారికి దరఖాస్తు పెట్టాలి. సంఘం ఉద్యోగి డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలితే ఉద్యోగుల పరిహారం కోసం ఉన్న చట్టం కింద కూడా అడగవచ్చు, అయితే రెంటిలో ఒకటే ఎంచుకోవాలి.

ఐదవ మాట: వకీలు ఖర్చుకు భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంది. ఫోను నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ పడితే అప్పీలు లేదని గుర్తుంచుకొని, చికిత్స ముగిసేదాకా తొందరపడి సంతకం చేయకండి. ఆస్పత్రి గుమ్మం దగ్గర తిరిగే దళారులకు ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు.

చివరిగా సంఘాలకు మా విన్నపం. దెబ్బ తిన్న రైతు సంపాదన ఎంత అని ట్రిబ్యునల్ అడుగుతుంది. దానికి జవాబు మీ రిజిస్టరులోనే ఉంది. దెబ్బకు ముందు ఆరు నెలలు ఎన్ని లీటర్లు పోశారో, తరువాత ఎన్ని తగ్గాయో, బిల్లు ఎంత ముట్టిందో, సంఘం ముద్రతో రాసి ఇవ్వండి. అది సభ్యునికి మీరు చేసే పెద్ద మేలు. అందుకే రిజిస్టరు శుభ్రంగా ఉండాలని మేము ఇన్నేళ్లుగా పోరుతున్నాం.

మరొక మాట. ఇకపై ఏ సంఘంలోనైనా లెక్క తేడా వస్తే, నోటీసు రాయడానికి ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి, "ఈ మధ్య ఎక్కడైనా పడ్డావా, తలకేమైనా తగిలిందా?" అని అడగాలని మేము నియమం పెట్టుకున్నాం. మీరూ పెట్టుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.