టీచరు ప్రక్కన నిలిచినవారు
(సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేండ్ల పండుగలో మిషనరీలను, బిషప్పులను, హెడ్మాస్టర్లను జ్ఞాపకము చేసికొనుచున్నాము. అది తగినదే. అయితే తరగతిలో టీచరు ప్రక్కన నిలిచి పనిచేసిన ఆయమ్మలను, సహాయకులను గురించి ఎవరూ మాట ఎత్తలేదు. వారిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మా ఆశ.

ముందుగా మా తప్పు ఒప్పుకొనుచున్నాము. ఒక బడి కమిటీలో ఉన్నప్పుడు, ఆయమ్మ తరగతిలో కూర్చొనరాదని, వరండాలోనే ఉండవలెనని మేమే తీర్మానించాము. ఐదవ తరగతి చదివిన మనిషికి పాఠముతో ఏమి పని అనుకొన్నాము. నెల తిరుగకముందే ఒకటవ తరగతిలో ఒక పసివాడు నోరు విప్పుట మానివేశాడు. వాని ఇంట లంబాడీ భాష. టీచరు మాటను వానికి అర్థమగునట్లు అందించుచున్నది ఆ తల్లియే! ఆ సంగతి మేము అడుగనే లేదు. తీర్మానము రద్దు చేసి, ఆమెకు క్షమాపణ చెప్పి, లోపలికి పిలిచాము.

ఈ పని నిన్న మొన్న పుట్టినది కాదు. 1790 ప్రాంతములో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమములో, ఆండ్రూ బెల్ అను పాదిరి పెద్ద పిల్లలచేత చిన్నవారికి అక్షరములు నేర్పించాడు. దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుట చూచి ఆ పద్ధతిని తెచ్చాడు. 1797లో ఆయన ప్రకటించిన పుస్తకముతో అది ఇంగ్లండుకు చేరి, 'మద్రాసు పద్ధతి' అని పేరు పొందినది.

మన కాలములో ప్రథమ్ సంస్థవారు ముంబయిలోను, వడోదరలోను స్థానిక యువతులను 'బాలసఖి'గా నియమించారు. వెనుకబడిన 15, 20 మంది పిల్లలను వేరుగా కూర్చుండబెట్టి, రోజుకు 2 గంటలు చదువు, లెక్కలు నేర్పించారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగువారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, అందరికంటె వెనుకనున్న పిల్లలకే ఎక్కువ మేలు కలిగినదని తేలినది.

అయితే ఒక హెచ్చరిక కూడ కలదు. 2003 నుండి 2008 వరకు ఇంగ్లండులో జరిగిన పెద్ద పరిశీలనలో, సహాయకుల తోడు ఎక్కువగా పొందిన పిల్లలే చదువులో తక్కువగా సాగారని కనుగొన్నారు. తప్పు సహాయకులది కాదు. పాఠము సంగతి వారికి ముందుగా చెప్పినవారు లేరు. టీచరుతో మాటలాడుటకు సమయము లేదు. పని ముగించుటే ముఖ్యమైనది.

కాబట్టి నేర్పు ఎక్కడున్నది? చేయి పట్టి దిద్దించుట సులభము, సమయమెరిగి చేయి వదలుట కష్టము. ప్రశ్న అడిగి ఓపికతో కాచుకొనవలెను. జవాబు చెప్పక, దారి చూపవలెను. ఒకే బిడ్డకు అంటుకొని కూర్చుండక, వాడు తోటివారితో కలియునట్లు చేయవలెను. బిడ్డ ఎక్కడ ఆగినాడో సాయంత్రము టీచరుకు చెప్పవలెను. బిడ్డ ఇంటి గుట్టు వీధిలో చెప్పరాదు.

మరి మన వంతు? రోజుకు పది నిమిషములు టీచరుతో మాటలాడు సమయము, తగిన జీతము, తరగతిలో ఒక కుర్చీ.

మొన్న మన బడి ఫొటో తీసినప్పుడు ఆయమ్మ కుర్చీలన్నీ సర్ది ప్రక్కకు తప్పుకొన్నది. ఆమెను పిలిచినవారు లేరు. మేమును పిలువలేదు. ఆ ఫొటో మరల తీయించుదము. ఈసారి ఆమె కుర్చీ మనము వేయుదము.