సింగ్యులారిటీ: లెక్క తెగిపోయే చోటు



ఈమధ్య పత్రికల్లోనూ, మనవల నోటా ‘సింగ్యులారిటీ’ అనే మాట తరచు వినిపిస్తోంది. కంప్యూటర్ మనిషిని మించిపోయే రోజని కొందరు భయపెడుతున్నారు. ఆ మాట అసలు ఎక్కడిదో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ఇది మొదట లెక్కల మాట. ఒకటిని పదోవంతుతో భాగిస్తే పది, వందోవంతుతో భాగిస్తే వంద వస్తుంది. భాగించే అంకె సున్నకు దగ్గరయ్యేకొద్దీ జవాబు పెరిగిపోతుంది. సరిగ్గా సున్న దగ్గర జవాబే లేదు. సున్నతో భాగించిన రాశిని మన భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో ‘ఖహరం’ అన్నాడు. సూత్రం పనిచేయడం మానేసే అలాంటి చోటే సింగ్యులారిటీ.

తరువాత భౌతికశాస్త్రం ఆ మాటను అందుకుంది. గురుత్వాకర్షణ పదార్థాన్ని ఎలా దగ్గరకు లాగుతుందో తెలిపే సమీకరణాన్ని మన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించాడు. కృష్ణబిలం లోపల సింగ్యులారిటీ తప్పదని 1965లో రోజర్ పెన్‌రోజ్ ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఆధారంగా నిరూపించాడు. ఈ కృషికి 2020లో నోబెల్ బహుమతిలో సగభాగం ఆయనకు దక్కింది. అయితే అక్కడ సాంద్రత నిజంగానే అనంతమని చాలామంది శాస్త్రజ్ఞులు అనుకోరు. మన సిద్ధాంతం అక్కడితో ఆగిపోయిందనీ, ఇంకా మెరుగైనది కావాలనీ అంటారు.

టెక్నాలజీలో ఈ మాటకు ప్రచారం తెచ్చినవాడు అమెరికా గణితాచార్యుడు, రచయిత వెర్నర్ వింజ్. మనిషిని మించిన తెలివిని తయారుచేసే సాధనాలు ముప్పై ఏళ్ళలోపు వస్తాయనీ, ఆపైన జరిగేది మన ఊహకందదనీ 1993లో రాశాడు. 2005లో రే కర్జ్‌వీల్ ఆ ముహూర్తం 2045 అన్నాడు. ఇవి అంచనాలే గాని పెన్‌రోజ్ చేసినట్టి నిరూపణలు కావు. ఈ తేడా మరువకూడదు.

ఇదంతా మనకెందుకు అనవచ్చు. ఏటా మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తున్నాం. 2014 నుంచి వేలిముద్రతోనూ, 2021 నుంచి సెల్‌ఫోన్‌కు ముఖం చూపించీ ఇచ్చే వీలు కలిగింది. నడవలేనివారికి ఇది గొప్ప మేలు. కాని వేళ్ళ గీతలు అరిగిపోయి యంత్రం ‘సరిపోలలేదు’ అంటే? మనిషి ఎదురుగా కూర్చునే ఉన్నాడు కదా! సమీకరణం అనంతమన్నప్పుడు శాస్త్రజ్ఞుడు సమీకరణాన్నే అనుమానిస్తాడు. ఇక్కడ కూడా అనుమానించవలసింది యంత్రాన్నే, పెన్షనరును కాదు.

కనుక యంత్రాలు ఎంత తెలివిమీరినా, వాటి జవాబును సరిచూసి, తన సంతకానికి బాధ్యత వహించే ఉద్యోగి ఒకరు ప్రతి కార్యాలయంలోనూ ఉండాలని మన సంఘం గట్టిగా కోరాలి. 2045 వరకు ఆగనక్కరలేదు. ఆ కోరిక ఈ ఏడే పెట్టవచ్చు.