కొండదారిలో ఎండ కాపుదల

సూర్యుని తేజమునకు ఓర్వజాలక సంజ్ఞాదేవి తనకు మారుగా ఛాయను నిలిపి పుట్టినింటికి వెడలిపోయెనని పురాణకథ. పిదప ఆమె తండ్రియైన విశ్వకర్మ అల్లుని సానబట్టి ఆ తేజమును కొంత తగ్గించెనట. ఆ మామగారి ఉపకారము మనకు చాలినంత కాలేదని రోహిణీకార్తెలో ప్రతివారికిని తోచును. కాని కథలోని ఒక మాట మాత్రము నేటికిని చెల్లుచున్నది. తేజమునకు ఓర్వలేనివారికి దిక్కు ఛాయయే. కొండలెక్కు యాత్రికులును, వనవిహారమునకు బోవు బాలబాలికలును ఈ ఛాయను తమవెంట ఎట్లు తీసికొని పోవలెనో నేడు విన్నవించెదను.

శ్రోతలారా! సూర్యుడు మనకు శత్రువు కాడు. శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లిలో చర్మవ్యాధులును, నేత్రవ్యాధులును కలవారు ఆ స్వామికి మ్రొక్కుకొందురు. హర్షచక్రవర్తి ఆస్థానకవి మయూరుడు సూర్యశతకము చెప్పి తన చర్మరోగమును పోగొట్టుకొనెనని ప్రతీతి. మన యెముకలకు వలసిన విటమిన్ డి అనునది చర్మముపై ఎండ సోకుటవలననే పుట్టుచున్నదని వైద్యులును చెప్పుచున్నారు. అయినను మితముగా నున్నపుడు మేలు చేయునదే మితము మీరినపుడు కీడు చేయును. అన్నమునకు చెల్లు నీతియే ఎండకును చెల్లును.

ఎండలో మన కంటికి గోచరించు వెలుగొకటి, మేనికి తెలియు వేడియొకటి. ఈ రెండునుగాక మూడవది యొకటి కలదు. అది కంటికిని కానరాదు, మేనికిని తెలియదు. 1801వ సంవత్సరమున రిట్టరను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని కనిపెట్టెను. వీనినే అతినీలలోహిత కిరణములందురు. వీనిలో నేలకు చేరునవి రెండు తెగలు. ఒక తెగ పైచర్మమును కాల్చి ఎఱ్ఱజేయును. రెండవ తెగ లోతునకు దిగి చర్మపు బిగువును సడలించి అకాలముగా ముడుతలు కలిగించును. ఏండ్లతరబడి ఇవి సోకుచుండినచో చర్మమున పుట్టకురుపు పుట్టుటకును అవకాశము కలదు.

ఇందు గమనింపవలసిన మర్మమొకటి యున్నది. చర్మమును కాల్చునది వేడి కాదు. కాలుచున్నపుడు నొప్పియు తెలియదు. ఎఱ్ఱదనము కొన్ని గంటలకు గాని పొడచూపదు. మరునాటికి గాని పూర్తిగా బయటపడదు. కావున "చల్లగా నున్నది గదా, ఎండ యేమి చేయును?" అనుకొనుట కొండపై మిక్కిలి ప్రమాదకరమగు భ్రమ.

సముద్రమట్టమునుండి ప్రతి వేయి మీటర్ల యెత్తునకును ఈ కిరణముల బలము నూటికి సుమారు 10 వంతున హెచ్చును. పైకి పోయినకొలది వానిని అడ్డగించు గాలిపొర పలుచనగుటయే ఇందుకు కారణము. కేదారనాథము 3,583 మీటర్ల యెత్తున నున్నది. మన కోస్తా గ్రామమున నున్నదానికంటె అచ్చట ఈ బలము మూడవవంతునకు పైగా ఎక్కువయని లెక్క తేలుచున్నది. ఇది చాలక, క్రొత్తమంచు తనపై బడిన ఈ కిరణములలో నూటికి 80 పాళ్ళవరకు తిరుగగొట్టును. పొడియిసుక 15 పాళ్ళు తిరుగగొట్టును. పలుచని మబ్బు కూడ వీనిని ఆపజాలదు. నూటికి 80 పాళ్ళవరకు మబ్బును చీల్చుకొని వచ్చును.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము కొందరము గౌరీకుండమునుండి కేదారమునకు నడచితిమి. ఆ దారి సుమారు 16 కిలోమీటర్లు. గుడితలుపులు తెరచిన తొలిదినములగుటచే పై భాగమున మంచు తెల్లగా పరచుకొని యుండెను. ఆకాశము మబ్బుగా నుండి చలిగాలి వీచుచుండెను. మాలో ఒకాయన గోదావరి తీరమున నలుబదియేండ్లు సేద్యము చేసినవాడు. "పుట్టి పెరిగినది ఎండలోనే మాస్టారూ, ఈ చలిలో నాకు ఎండదెబ్బయా?" అని నవ్వి టోపీని సంచిలోనే యుంచెను. మరునాటి ఉదయమున ఆయన ముక్కు, చెవులు పొక్కినవి. గడ్డము క్రిందిభాగము సైతము మండుచుండెను. పైనుండి వచ్చిన కిరణమునకంటె మంచునుండి ఎదురుతిరిగి వచ్చిన కిరణమే అచ్చట పనిచేసినది. నల్ల కళ్ళద్దములు లేనందున కన్నులు ఇసుక పడినట్లు గరగరలాడి రెండుదినములు నీరు కార్చినవి. దీనిని మంచు అంధత్వమందురు. ఆయన చర్మము నలుపే. నలుపు కొంత రక్షణయగుట నిజమే గాని, అది చాలిన కవచము కాదు.

ఈ సందర్భమున తల్లిదండ్రులకు ఒకమాట చెప్పవలసియున్నది. పాఠశాలవారు పిల్లలను కొండకు తీసికొనిపోదుమనగా, "మా అమ్మాయి నల్లబడును, పెండ్లి కావలసిన పిల్ల" యని ఆపినవారిని నేను ఉపాధ్యాయవృత్తిలో పలుమారు చూచితిని. మగపిల్లలకు ఈ అడ్డు లేదు. అమ్మలారా! ఎండలో చర్మము నల్లబడుట అవమానము కాదు. దాడిచేయు కిరణములకు ఎదురుగా చర్మము తానుగా కప్పుకొను గొడుగది. భయపడవలసినది నలుపునకు కాదు, కాలుటకు. కాలుటయో, ఆడపిల్లకును మగపిల్లవానికిని సమానమే. కావున ఇద్దరికిని టోపీలిచ్చి ఇద్దరిని పంపుడు. అహోబిలములో భవనాశి వెంబడి జ్వాలానరసింహస్వామి సన్నిధికి నడచినప్పుడు కలుగు ఆనందమును రంగుకొరకై బిడ్డకు లేకుండ జేయుట న్యాయము కాదు.

ఇక కాపుదల సంగతి. మొదటిది వేళ. దీనికి గడియారము కూడ అక్కరలేదు, మీ నీడను చూచుకొనుడు. నీడ మీ పొడవుకంటె పొడుగుగా నున్నంతవరకు ఎండ కొంత సాధువు. నీడ మీకంటె పొట్టిదైనపుడు జాగ్రత్త వహింపవలెను. తెల్లవారుజామున బయలుదేరి, పదిగంటలకు ముందే కష్టమైన ఎక్కుడు ముగించి, నడియెండను చెట్టుక్రిందనో మండపములోనో గడుపుట ఉత్తమము.

రెండవది వస్త్రము. చేతులు, కాళ్ళు నిండుగా కప్పు వదులైన బట్ట ధరింపవలెను. బట్టను వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో, దానిగుండ ఎంత వెలుగు వచ్చునో దానినిబట్టి నేత గుణము తెలియును. పలుచని మల్లుబట్టకంటె దట్టమైన ఖద్దరు మేలు. నూలుబట్ట తడిసినచో కాపుదల తగ్గును. చుట్టును అంచు కలిగిన టోపీ శ్రేష్ఠము. తలపాగా చుట్టువారు చెవులను, మెడవెనుకను కప్పునట్లు కొంగు వదలవలెను. గొడుగు మంచిదే గాని, మంచునుండియు ఇసుకనుండియు తిరుగబడు కిరణములకు అది అడ్డు కాదు.

మూడవది లేపనము. సన్‌స్క్రీనని అంగళ్ళలో దొరకు దానిపై ఎస్.పి.ఎఫ్. అని యొక అంకె యుండును. 30 అంకె గలది, చర్మమును కాల్చు కిరణములలో నూటికి 97 పాళ్ళు ఆపును. 50 గలది 98 పాళ్ళు ఆపును. కావున పెద్ద అంకెకొరకై ఆరాటపడుటకంటె చాలినంత పూయుట ముఖ్యము. ముఖమునకును మెడకును కలిపి ఒక చిన్న చెంచాడు కావలెను. బయలుదేరుటకు పావుగంట ముందు పూసి, రెండుగంటలకొకసారి మరల పూయవలెను. చెమట పట్టినచో ఇంకను ముందే పూయవలెను. పసుపు, గంధము, కొబ్బరినూనె వాడుకలో నున్నవే గాని, వీనిని ఎండకు డాలుగా నమ్మరాదు.

మన యాత్రికులకు ప్రత్యేకముగా చెప్పవలసినవి రెండు. తలనీలాలు సమర్పించిన తల అంతవరకు ఎండ యెరుగనిది. గుండుతో కొండ దిగువారు, ముఖ్యముగా పసిపిల్లలు, వెంటనే తలకు గుడ్డ చుట్టుకొనవలెను. గంధము చల్లదనమునిచ్చును, నీడనీయదు. రెండవది, చెప్పులు విడిచి మెట్లెక్కువారి పాదముల పైభాగము. అరికాలు మంటను తానే చెప్పును గాని, పైపాదము చెప్పదు. లేపనము పూయునపుడు దానిని మరువరాదు. ఆరునెలలలోపు శిశువులను ఎండకే తేరాదు. బొల్లిమచ్చలు కలవారు ఆ చోట్లను తప్పక కప్పుకొనవలెను. కొన్ని మందులు, అందు డాక్సీసైక్లిన్ ఒకటి, చర్మమును ఎండకు మరింత సుకుమారముగా చేయును. మందులు వాడువారు ముందుగా వైద్యుని అడుగుట మంచిది.

ఇంత జాగ్రత్తపడినను చర్మము కాలినచో, వెంటనే నీడకు చేరి చల్లని తడిగుడ్డలు వేసి, నీరు బాగుగా త్రాగవలెను. మంచుగడ్డను నేరుగా పెట్టరాదు. పొక్కులను చిదుపరాదు. జ్వరము, వాంతులు, మగత కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికడకు చేర్పవలెను.

ఒక టోపీ, ఒక నిండుచేతుల చొక్కాయి, నల్ల కళ్ళద్దములు, చిన్న లేపనపు గొట్టము. వీని బరువు సంచిలో ఎంతయు కాదు. యాత్రకు మూట కట్టునపుడు వీనిని అడుగున పెట్టక పైన పెట్టుకొనుడు. అడుగున నున్నది అవసరమునకు చేతికి రాదు. సెలవు.