పైరునకు మేలు చేయు కప్ప (ఏటికొప్పాక రైతులకై యుపన్యాసము)



వరాహానది యొడ్డున నున్న ఏటికొప్పాక అంకుడుకఱ్ఱ బొమ్మలకు పేరొందిన యూరు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచ్చటనే 1933లో సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారము వెలసినది. బొమ్మను, పైరును ఎఱిగిన యీ యూరివారికి కప్ప స్వభావము సులభముగా బోధపడును. తిరుగుచున్న కొయ్యపై లక్క నొత్తినచో, రాపిడి వేడికి కరగి పూతయై, నీటిని లోనికి పోనీయదు. కప్ప చర్మము దీనికి కేవలము విరుద్ధము.

కప్పకు పొలుసులు లేవు, వెండ్రుకలు లేవు. దాని చర్మము పలుచనై తడిగా నుండును. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. ఊపిరితిత్తులున్నను, గాలిని కొంత చర్మము ద్వారానే గ్రహించును. కావున నీటిలో కలిసిన విషము సైతము సులభముగా దాని యొడలికి ఎక్కును.

తొలకరి వానలకు బోదురుకప్పలు మడులకు చేరును. మగకప్ప పసుపుపచ్చనై, గొంతు కిరుప్రక్కల నీలి తిత్తులు ఉబ్బించి, ఆడుదానిని పిలుచును. గ్రుడ్లనుండి వెలువడిన తోకకప్పలు మొప్పలతో శ్వాసించును. పిదప కాళ్లు మొలచి, తోక కృశించి, గట్టెక్కును. అంతవఱకు మడినీరే వాని ప్రాణము.

పెద్దకప్ప నాలుకను విసరి మిడుతలను, రెక్కలపురుగులను, ఉసిళ్లను పట్టును. బోదురుకప్ప గట్లకు బొరియలు చేయు చిన్నపీతలను కూడ మ్రింగును. అయినను అది మంచి పురుగును చెడ్డ పురుగును ఏర్పఱచి తినదు. అదొక్కటియే తెగుళ్లన్నింటిని మాపునని నమ్మరాదు.

పరదేశపు కప్పను తెచ్చుటయు మేలు కాదు. 1935లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు చెఱకు తోటలకు, పెంకుపురుగులను మాపుటకై, అమెరికా ఖండపు విషపుకప్పలను హవాయి దీవులనుండి తెచ్చిరి. పురుగులు తగ్గలేదు, కప్పలు విస్తారముగా వ్యాపించి, తమ్ము తిన్న జంతువులను చంపినవి. మన నేలకు మన కప్పయే తగినది. కప్పకాళ్ల యెగుమతిని మన ప్రభుత్వము 1987లో నిషేధించినది. పట్టువారి బెడద తగ్గినను, పురుగుమందు బెడద మిగిలియున్నది.

కావున రైతులు పాటింపవలసినవి యివి:

పైరును పరీక్షించి, పురుగు హెచ్చినట్లు కనబడినప్పుడే మందు చల్లవలయును. పిచికారి యంత్రమును, మందు డబ్బాను చెఱువులోగాని కాలువలోగాని కడుగరాదు. మందు చల్లిన మడినీటిని వెంటనే బయటికి విడువరాదు. పొలమున నొక పల్లపుమూల తోకకప్పలు ఎదుగువఱకు నీరు నిలువనీయవలయును. గట్టుపై కొంత గడ్డి యుంచవలయును. ఎండవేళ కప్ప కదియే నీడ. పిల్లలకు చేతబట్టి యాడుకొన కొయ్యకప్ప నీయవచ్చును. బ్రతికిన కప్ప నీయరాదు.

వానలు రానిచో కప్పను కావిడికి కట్టి, యింటింట దానిపై నీరు పోయుట తెలుగు పల్లెల ఆచారము. వాన వచ్చిన పిదప ఆ కప్ప మడిలో విషము పోయక యుండుటయే దానికి చేయదగిన నిజమైన పూజ.